బోరు, కాలువ, రిజర్వాయరు కలిపి ఊళ్లకు వేసవి నీటి ప్లాన్ వేయడం ఎలా?

“ఊళ్లో అయిదు బోర్లున్నాయి. కాలువ చెరువుంది. పెద్ద స్కీము పైపు కూడా వచ్చింది. అయినా మే నెలలో ట్యాంకరు పిలవాల్సి వస్తోంది, ఎందుకండీ?” ఏటా ఉగాది దాటాక ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. అడిగే ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు ఈసారి రాసి పెడుతున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ మూడూ మూడు వనరులని మనం అనుకుంటాం. చాలా ఊళ్లలో అవి ఒకే నీళ్లు, పైపులు మాత్రం మూడు. కాలువ ఆగిన నెలకి చెరువు దిగుతుంది, చెరువు దిగాక పక్కనున్న బోరు గాలి పీలుస్తుంది, ఈలోగా పైన రిజర్వాయరులో మట్టం పడిపోయి స్కీము (రిజర్వాయరు నీటిని పైపుల్లో ఊళ్లకు పంపే పథకం) వాళ్లు రోజు విడిచి రోజు వదలడం మొదలుపెడతారు. అందుకని ఏ వనరు ఏ వారంలో చేతులెత్తేస్తుందో ముందుగా కాగితం మీద పెట్టుకోవాలి. ఏ రెండూ ఒకే వారంలో ఆగకుండా చూసుకోవాలి. ఈ కింద రాసిందంతా ఆ పని కోసమే.

ఇది గ్రామ నీటి కమిటీ సభ్యులకు, సర్పంచులకు, కార్యదర్శులకు, ఊరి పని నెత్తికెత్తుకునే కుర్రాళ్లకు. ఇంజనీరింగ్ చదివి ఉండక్కర్లేదు. కూడిక, తీసివేత, గుణకారం వస్తే చాలు.

మచ్చుకి, నాగార్జున సాగర్ కాలువ చివరి భూముల్లో ఉండే నాలుగు ఊళ్లు అనుకుందాం. మొత్తం జనం 12,000. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి, మీ ఊరి అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి. పని నవంబరులో మొదలుపెట్టండి. ఏప్రిల్‌లో మొదలుపెడితే ప్లాన్ ఉండదు, టెన్షన్ ఒక్కటే ఉంటుంది.

కావలసినవి

- గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం. ఎక్సెల్ వచ్చినవాళ్లు అందులో చేసుకోవచ్చు, కానీ పుస్తకం కూడా ఉంచండి. ఫోను మారితే లెక్కలు పోతాయి.
- 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్.
- బోరులో నీటిమట్టం కొలిచే టేపు. నీటిని తాకగానే శబ్దం చేసే రకం భూగర్భజల శాఖ సిబ్బంది దగ్గర ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే బరువు కట్టిన తాడుతోనూ పని జరుగుతుంది.
- ప్రతి బోరు లోతు, కేసింగ్ (బోరు పైభాగం కూలకుండా దింపే గొట్టం) ఎంతవరకు దింపారు, మోటారు ఎన్ని అడుగుల దగ్గర వేలాడుతోంది. వేసిన మేస్త్రీకి ఇవన్నీ గుర్తుంటాయి.
- చెరువులో మీటర్లు, సెంటీమీటర్లు రాసిన గేజి (మట్టం చూసే కొలబద్ద). లేకపోతే ముందు అది పాతించండి.
- కాలువ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది అని గత అయిదేళ్ల తేదీలు. లస్కరుని (కాలువను, తూములను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగిని) అడగండి. ఆయన నోటి లెక్క చాలాసార్లు ఆఫీసు కాగితం కన్నా నిజం.
- నీటి పరీక్ష కిట్టు, ఏడాదిలోపు వచ్చిన ల్యాబ్ రిపోర్టు.

కొలతలు కలగాపులగం కాకుండా ఈ మూడు గుర్తుంచుకోండి. ఘనపు మీటరు అంటే 1,000 లీటర్లు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే సుమారు 24.5 లక్షల లీటర్లు. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. రోజుకి 10 లక్షల లీటర్లు వాడే మన నాలుగు ఊళ్లకు ఒక్క టీఎంసీ 77 ఏళ్లు వస్తుంది! నీళ్లు లేక ఎండే ఊళ్లకన్నా, ఉన్న నీళ్లు సమయానికి చేరక ఎండే ఊళ్లే ఎక్కువని నాకనిపిస్తుంది.

1. హద్దు గీయండి

మండలం హద్దు, పంచాయతీ హద్దు మర్చిపోండి. ఒకే పైపు, ఒకే చెరువు, ఒకే బోర్ల గుంపు మీద బతికే ఊళ్లన్నీ ఒక గుంపు. పక్క పంచాయతీలోని తండా మీ ట్యాంకు నుంచే తాగుతుంటే అది మీ లెక్కలోకి రావాలి. దాన్ని వదిలేసి వేసిన ప్లాన్ మొదటి వేసవిలోనే గొడవకు దారి తీస్తుంది.

2. రోజుకి ఎంత కావాలో లెక్క వేయండి

జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. తెలంగాణలో మిషన్ భగీరథ పల్లెలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. మన ఉదాహరణకు 55 తీసుకుందాం.

జనం: 12,000 × 55 = 6.6 లక్షల లీటర్లు.
పశువులు: 2,500 × 50 = 1.25 లక్షలు.
బడి, హాస్టలు, ఆసుపత్రి: 15 వేలు.
మొత్తం 8 లక్షల లీటర్లు.

పశువుల్ని చాలామంది రాయరు. వేసవిలో పాలిచ్చే గేదె 50 నుంచి 70 లీటర్లు తాగుతుంది. లెక్కలో లేకపోయినా అది తాగడం మానదు కదా.

ఇప్పుడు దారిలో పోయే నీరు. పైపు లీకులు, ట్యాంకు పొంగడం, ఫిల్టరు బెడ్ కడగడం కలిపి 20 శాతం అనుకుందాం. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. 8 లక్షలకు 20 శాతం కలిపి 9.6 లక్షలు అంటారు. అది చాలదు. బయల్దేరిన నీటిలో 20 శాతం పోతే చేరేది 80 శాతం. అంటే 8 లక్షలు చేరాలంటే 8 ÷ 0.8 = 10 లక్షల లీటర్లు బయల్దేరాలి. తేడా 40 వేల లీటర్లు. దాదాపు 700 మంది ఒక రోజు నీరు.

జనాభాకి 2011 జనగణన అంకె వాడకండి. కుళాయి కనెక్షన్లు లెక్కపెట్టి సగటున నలుగురు చొప్పున వేసుకోండి. జాతర ఉంటే ఆ వారానికి వేరే గీత గీయండి. మన వైపు జాతరలు చాలా వరకు ఎండల్లోనే వస్తాయి.

3. బోర్లను మే నెల కళ్లతో చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది ఈ మెట్టు. తొందరపడకండి.

నేను చేసిన తప్పు చెప్తాను. ఒక ఊళ్లో నవంబరు చివర బోరు పరీక్షించాను. మూడు గంటలు నడిపితే ధార తగ్గలేదు. పుస్తకంలో గంటకి 14,000 లీటర్లు అని రాసి, దాని మీద ప్లాన్ కట్టేశాను. మే రెండో వారంలో అదే బోరు ఇరవై నిమిషాలు పోసి, బురద కక్కి, గాలి వదిలింది. ఆ ఊరి ఆడవాళ్లు నన్నేమీ అనలేదు. బిందెలు తీసుకుని నా ముందు నుంచే నడిచి పోయారు. అప్పటి నుంచి మే నెలలో కొలిచిన అంకె తప్ప ఇంకేదీ నమ్మను.

కొలిచే పద్ధతి:

అ) రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారకముందు నీటిమట్టం కొలవండి. నేల నుంచి నీటి వరకు ఎన్ని మీటర్లు, అది రాయండి.

ఆ) మోటారు వేసి, డెలివరీ పైపు దగ్గర డ్రమ్ము నిండే సమయం చూడండి. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకి 5 లీటర్లు, అంటే గంటకి 18,000 లీటర్లు.

ఇ) ప్రతి అరగంటకీ మట్టం, డ్రమ్ము సమయం రెండూ రాస్తూ కనీసం ఆరు గంటలు నడపండి. మట్టం ఒకచోట నిలబడాలి. దిగుతూనే ఉంటే ఆ బోరు ఇచ్చేది ఊట నీరు అనుకోకండి, గొట్టంలోను, పగుళ్లలోను నిలవున్న నీరే.

ఈ) మోటారు ఆపాక మట్టం తిరిగి పైకి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. రోజుకి ఎన్ని గంటలు నడపొచ్చో చెప్పేది ఈ అంకే.

నవంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, మే చివర ఒకసారి ఇలా చేయండి. పాత మే అంకె లేకపోతే ఈ ఏడాదికి నవంబరు అంకెలో మూడో వంతే లెక్కలోకి తీసుకోండి. తక్కువ వేసుకున్నందుకు ఏ ఊరూ ఎండిపోలేదు. మన ఉదాహరణలో నవంబరులో అయిదు బోర్లు కలిసి గంటకి 60,000 లీటర్లు ఇచ్చాయి. మేలో రెండు ఆగిపోయి, మిగతా మూడు కలిసి 20,000. పది గంటలు నడిపితే 2 లక్షలు.

“ఇంకా లోతుకి వేద్దాం, వెయ్యి అడుగులు పోదాం” అనే మాట ఎప్పుడూ వస్తుంది. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల మన కింద ఉన్నది గ్రానైటు. అందులో నీళ్లు ఉండేది ఎక్కువగా పైన కుళ్లిన రాయి పొరలోను, దాని కింది పగుళ్లలోను. వాననీటిలో లోపలికి దిగేది సుమారు 8 నుంచి 11 శాతం. మీరు లోతుకి పోయినంత మాత్రాన ఆ శాతం పెరగదు. పక్క బోరు నీళ్లు మీ బోరులోకి వస్తాయంతే.

సేద్యం సంగతి కూడా ఇక్కడే. యాసంగి లేదా దాళ్వా వరి ఎకరానికి 1,200 మిల్లీమీటర్ల నీరు వేసుకుంటే అది దాదాపు 48 లక్షల లీటర్లు. మనిషికి 55 లీటర్ల చొప్పున 240 మందికి ఏడాది పొడవునా సరిపోయే నీరు. రైతుతో పోట్లాడమని చెప్పడం లేదు, లెక్క అతని ముందు పెట్టమంటున్నాను. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం లాంటి ఏడు జిల్లాల్లో రైతులే బోర్ల మట్టాలు, వాన కొలుచుకుని పంట నిర్ణయించుకునే పని ‘అప్ఫామ్స్’ (రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం) ప్రాజెక్టులో జరిగింది. ఎవరో వచ్చి వద్దంటే వినని రైతు, తాను కొలిచిన అంకెను వింటాడు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వచ్చిన వాల్టా చట్టం (2002) ప్రకారం తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు కొత్త బోరుకి అడ్డు ఉందన్న సంగతీ తెలిసి ఉండాలి. బోరు బండి ఊళ్లోకి వచ్చాక చట్టం గుర్తు చేస్తే లాభం లేదు.

4. కాలువని రోజుల్లో లెక్కపెట్టండి

కాలువ గురించి తెలుసుకోవాల్సినవి రెండే: ఎన్ని రోజులు రాదు, వచ్చినప్పుడు మన తూముకి ఎంత అందుతుంది.

అయిదేళ్ల తేదీలు తీసుకుని, సగటు చూడకుండా అన్నిటికన్నా పొడుగు ఎండు కాలాన్ని తీసుకోండి. మన ఉదాహరణలో అది ఏప్రిల్ 10 నుంచి 95 రోజులు. దానికి పదిహేను రోజులు కలిపి 110 అనుకుందాం. వాన ఆలస్యమైతే ఆ పదిహేను రోజులే ఆదుకుంటాయి.

వేసవిలో తాగునీటి కోసమని కాలువ వదిలితే అది కొద్ది రోజులే. ఆ రోజుల్లో చెరువు నిండాలి. 72,000 ఘనపు మీటర్ల చెరువు 5 క్యూసెక్కులు అందితే ఆరు రోజుల్లో నిండుతుంది. ఒక్క క్యూసెక్కే అందితే 29 రోజులు పడుతుంది. అన్ని రోజులు కాలువ ఉండదు. కాబట్టి తూము సైజు, పిల్లకాలువలో పూడిక, పైన కాలువలో వేసిన మోటార్లు, ఈ మూడూ వదలడానికి ముందే చూసుకోవాలి. చివరి ఊరు అయితే నీళ్లు వదిలిన రోజు నుంచి రాత్రి కాపలా తప్పదు. నచ్చకపోయినా ఇది మన దగ్గర వాస్తవం.

కాలువ లేకుండా వాగో, ఏరో ఉన్న ఊళ్లకు ఇసుకలో ఊటబావి మంచి దారి. పైన ఏరు ఎండినా ఇసుక కింద నీరు కొన్నాళ్లు ఉంటుంది. ఇసుక తవ్వేస్తే మాత్రం ఆ బావి బావిగా ఉండదు. ఎంత లోతు ఇసుక మిగిలిందో ఏటా గడ్డపారతో గుచ్చి చూడండి.

5. రిజర్వాయరు దగ్గర టీఎంసీలు చూడకండి, అడుగులు చూడండి

పేపర్లో “సాగర్‌లో 130 టీఎంసీలున్నాయి” అని వస్తే ధీమా వస్తుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. ఆ 510 దగ్గర కూడా జలాశయంలో దాదాపు 130 టీఎంసీలు ఉంటాయి. ఉన్నా మామూలుగా అందవు. మట్టం బాగా పడిపోయిన ఏడాది హైదరాబాద్ నీటి కోసం, సాగర్ నీరు తోడే పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టాల్సి వచ్చేది అందుకే.

మీ స్కీము నీరు తీసుకునే చోట గొట్టం నోరు ఎన్ని అడుగుల దగ్గర ఉందో అడిగి రాసుకోండి. రోజూ మట్టం ఆ అంకెకు ఎంత పైన ఉందో చూడండి. అడగాల్సిన రెండో ప్రశ్న పూడిక. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీల జలాశయం, ఇప్పుడు దాదాపు 215. పాత బోర్డు మీద రాసిన సామర్థ్యంతో లెక్క కడితే ప్లాన్‌లో మూడో వంతు మట్టే ఉంటుంది. ఊరి చెరువుకీ ఇదే వర్తిస్తుంది.

స్కీము కాగితం మీద రోజుకి 6 లక్షలు అంటే మీటరు దగ్గర నిలబడి వారం రోజులు కొలవండి. మన ఉదాహరణలో వేసవిలో వచ్చింది 4.5 లక్షలు. దాన్నే రాయండి. ఏటా పదిహేను రోజులు అసలు రాదని కూడా రాయండి, ఎందుకంటే ఎక్కడో పైపు పగులుతుంది లేదా మోటారు కాలుతుంది.

6. ఏవి కలిసి ఎండుతాయో కనిపెట్టండి

చాలా ప్లాన్లలో లేని మెట్టు ఇదే.

ప్రతి వనరు పక్కన “ఈ నీరు ఎక్కడిది?” అని రాయండి. కాలువ మొదలయ్యే వారం ముందు బోరు మట్టం కొలవండి, మొదలైన మూడు వారాలకి మళ్లీ కొలవండి. వాన లేకుండానే మట్టం పైకి వస్తే మీ బోరు కాలువ నీరే తాగుతోంది. ఆయకట్టు ఊళ్లలో చాలా బోర్లది ఇదే కథ. అప్పుడు ఆ బోరుని, కాలువని ఒకే వనరుగా రాయండి. స్కీము నీరు కూడా అదే నది మీది రిజర్వాయరు నుంచి వస్తుంటే మూడూ ఒకే గొడుగు కింద ఉన్నట్టు.

2019లో చెన్నైకి పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం అని నాలుగు రిజర్వాయర్లు ఉన్నాయి. నాలుగూ ప్రధానంగా ఒకే ఈశాన్య రుతుపవనాన్ని నమ్ముకున్నవి. అది తప్పితే నాలుగూ ఒకేసారి అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తేవాల్సి వచ్చింది. ఆ ఏడాది చెన్నైని కాస్తయినా నిలబెట్టిన వాటిలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లు ఉన్నాయి, ఎందుకంటే సముద్రం ఆ రుతుపవనాన్ని అడగదు. హైదరాబాద్‌లో 2015–16 కరువుకి సింగూరు, మంజీరా ఎండితే, కృష్ణా, గోదావరి నీళ్లు ఆదుకున్నాయి.

ఊరి స్థాయిలో దీని అర్థం: కాలువకి దూరంగా, ఎత్తు మీద ఉన్న బోరు గంటకి మూడు వేల లీటర్లే ఇచ్చినా దాన్ని కాపాడుకోండి. చెరువు గట్టు కింద పది వేలు ఇచ్చే బోరు కన్నా కష్టకాలంలో దానికే విలువ ఎక్కువ. అనంతపురం జిల్లాలో 1990ల్లో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకంలో బోర్లు, ఏటి ఊటబావులు, కాలువ పక్క వేసవి చెరువులు, బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లు అన్నీ వాడారు. ఎక్కడ ఏది అందుతుందో అక్కడ అది.

7. నెలవారీ పట్టిక వేయండి

నవంబరు: బోర్లు 6 లక్షలు, స్కీము 6 లక్షలు. కావలసింది 10. మిగులు 2.
మే: బోర్లు 2, స్కీము 4.5, కాలువ సున్నా. కావలసింది 10. లోటు 3.5 లక్షలు.

ఏడాది మొత్తం కలిపి సగటు తీస్తే లోటు కనబడదు. అందుకే సగటు తీయొద్దంటున్నాను. ఆ 3.5 లక్షల్ని 5,000 లీటర్ల ట్యాంకర్లతో తీర్చాలంటే రోజుకి 70 ట్రిప్పులు. మీ ఊరి రోడ్డు ఒకసారి గుర్తు చేసుకోండి.

కాలువ ఉన్న నెలల్లో కాలువ నీరే వాడి బోర్లకు సెలవివ్వడం మంచి అలవాటు. చుట్టూ పొలం మోటార్లు ఎక్కువుంటే మీరు దాచిన నీరు వాళ్లు తోడుకుంటారు, లాభం సగమే. అయినా మోటారు అరుగుదల, కరెంటు బిల్లు మిగులుతాయి.

8. చెరువు ఎంత పెద్దది కావాలి?

వేసవి చెరువు లేదా ఎస్‌ఎస్ (సమ్మర్ స్టోరేజి) ట్యాంకు అనేది లోటుని మోసే పాత్ర. లెక్క ఇలా:

లోటు: 3.5 లక్షల లీటర్లు × 110 రోజులు = 38,500 ఘనపు మీటర్లు.
స్కీము ఆగే 15 రోజులకు: 4.5 లక్షలు × 15 = 6,750.
ఆవిరి: 4 ఎకరాల చెరువు (దాదాపు 16,000 చదరపు మీటర్లు), రోజుకి 7 మిల్లీమీటర్లు, 110 రోజులు = 12,320.
ఇంకేది: రోజుకి 3 మిల్లీమీటర్లు = 5,280.
అడుగున అరమీటరు బురద నీరు, తోడకూడనిది = 8,000.
మొత్తం 70,850 ఘనపు మీటర్లు.

జనం, పశువుల కోసం తోడేది 45 వేలు, పట్టాల్సింది 71 వేలు. నాలుగు ఎకరాల్లో నాలుగున్నర మీటర్ల లోతు ఉంటే సరిగ్గా సరిపోతుంది. ఉన్న స్థలంలో లోతు పెంచడం వెడల్పు పెంచడం కన్నా మేలు, పై ముఖం పెరిగితే ఆవిరి పెరుగుతుంది. ఒక హెచ్చరిక: తీర ప్రాంతంలో కింద ఉప్పునీరు ఉంటే లోతు తవ్వకండి, చెరువులోకి ఉప్పు ఊట ఎక్కుతుంది. అక్కడ గట్టు ఎత్తు పెంచుకోవాలి.

ఇంకే నీరు ఎంతో తెలుసుకోవాలంటే రెండు రోజులు పంపింగ్ ఆపి గేజి చూడండి. రోజుకి 10 మిల్లీమీటర్లు దిగితే మన లెక్క సరే. 20 దిగితే గట్టు వెనక నడిచి చూడండి, ఎక్కడో పచ్చగడ్డి కనిపిస్తుంది.

9. నీళ్లు కలపడం

బోరులో ఫ్లోరైడు లీటరుకి 2.4 మిల్లీగ్రాములు, రిజర్వాయరు నీటిలో 0.4 అనుకుందాం. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం 1.0. వేరే దారి లేకపోతే 1.5 వరకు. వందలో 30 వంతులు బోరు, 70 వంతులు రిజర్వాయరు కలిపితే సరిగ్గా 1.0 వస్తుంది. మన మే నెల స్కీము నీరు 4.5 లక్షలకు బోరు నీరు 1.93 లక్షలకు మించి కలపకూడదన్న మాట.

ఒకరోజు బోరు నీరు, ఒకరోజు స్కీము నీరు వదిలి “కలిపాం” అంటారు కొందరు. అది కలపడం కాదు. రెండూ సంపులోనో (నేలలో కట్టిన తొట్టి), ఓవర్‌హెడ్ ట్యాంకులోనో కలవాలి, కలిశాక కుళాయి దగ్గర పరీక్షించాలి. స్కీము ఆగిన రోజు ఆ బోరు నీరు తాగడానికి కాదు, వాడుకకి మాత్రమే అని దండోరా వేయించండి. ఇంకో మాట: కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

క్లోరిన్‌కి: లక్ష లీటర్లకు లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున వేయాలంటే 33 శాతం బ్లీచింగ్ పౌడరు 600 గ్రాములు. మూట విప్పి నెలలైతే బలం తగ్గుతుంది, 25 శాతానికి పడితే 800 గ్రాములు కావాలి. ట్యాంకు దగ్గర వాసన చూసి సరిపోయిందనుకోవద్దు. చివరి వీధి చివరి కుళాయిలో లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి.

10. గేజి మీద గీతలు వేయించండి

మన చెరువు మట్టం రోజుకి 32 మిల్లీమీటర్లు దిగాలి: తోడేది 22, ఆవిరి 7, ఇంకుడు 3. దాని ప్రకారం ఉండాల్సిన మట్టం:

ఏప్రిల్ 10: 4.50 మీటర్లు
మే 10: 3.54
జూన్ 9: 2.58
జులై 9: 1.62

ఈ తేదీలను గేజి మీదే రంగుతో రాయించండి. ఎవరైనా గట్టు మీద నడుస్తూ చూసి చెప్పగలగాలి. గట్లు వాలుగా ఉంటే కిందికి పోయేకొద్దీ మట్టం ఇంకా త్వరగా పడుతుంది, గీతలు కొంచెం సర్దండి.

మట్టం గీతకు 20 సెంటీమీటర్లు కిందికి పోతే ఏం చేయాలో జనవరిలోనే రాసి కమిటీ సంతకాలు పెట్టండి. నేను చెప్పే వరస ఇది: ముందు పశువుల తొట్లను పొలం బోర్లకు మార్చడం, తర్వాత ముందే మాట్లాడుకున్న అద్దె బోర్లు కలపడం, ఆ తర్వాత అన్ని ఊళ్లకూ సమానంగా గంటలు తగ్గించడం, చివరికి ట్యాంకరు. అద్దె బోరు ఒప్పందం కూడా జనవరిలోనే. మేలో అడిగితే రేటు వేరు, అప్పటికి ఆయన తోటకీ నీళ్లు కావాలి. రోజు విడిచి రోజు వదలడం కన్నా రోజూ కొద్దిసేపు వదలడం మంచిది. ఖాళీ పైపు పగుళ్లలోంచి మురుగు పీలుస్తుంది, వాంతులు, విరేచనాలు అక్కడ మొదలవుతాయి.

సరిగ్గా నడుస్తోందా, ఎలా తెలుస్తుంది?

పది రోజులకోసారి గేజి చూడండి. 32 సెంటీమీటర్లు దిగాల్సింది 40 దిగితే 8 సెంటీమీటర్ల నీరు లెక్కలో లేదు, అంటే 12.8 లక్షల లీటర్లు. అది లీకు కావచ్చు, ఎవరి చేపల చెరువో కావచ్చు.

నెలకోసారి రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి వరకు ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం చూడండి. ఊరంతా నిద్రపోతున్నప్పుడు దిగే నీరంతా లీకే. వాల్వులు ఒక్కొక్కటి మూసుకుంటూ పోతే ఏ వీధో దొరికిపోతుంది. మా అనుభవంలో కొత్త బోరు కన్నా ఈ రెండు గంటల నిద్ర మేల్కోవడం ఎక్కువ నీళ్లు తెచ్చింది, కానీ దీనికి కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగడం కుదరదు, అందుకే ఎవరూ చేయరు.

మే చివరి వారంలో బోర్లు మళ్లీ కొలిచి, నవంబరులో రాసుకున్న అంచనా పక్కన నిజం అంకె రాయండి. తేడా ఎర్ర సిరాతో రాయండి, చెరిపేయకండి. రెండేళ్లయ్యాక మీ పుస్తకం మీ ఊరి గురించి ఏ ఆఫీసు రిపోర్టు కన్నా బాగా చెబుతుంది.

జులైలో కాలువ వచ్చిన రోజు అందరూ ఒక తప్పు చేస్తారు: ఆత్రంగా తూము ఎత్తేస్తారు. మూడు నెలలు ఎండిన కాలువలో పడి ఉన్న చెత్త, చచ్చిన కోళ్లు, పొలాల మందు డబ్బాలు అన్నీ ఆ మొదటి నీటితోనే వస్తాయి. 110 రోజుల లెక్కలో కలుపుకున్న ఆ పదిహేను రోజుల నీరు ఇక్కడా పనికొస్తుంది. మొదటి రెండు మూడు రోజుల నీటిని కిందికి పోనిచ్చి, నీరు తేరుకున్నాక తూము తీయండి.